ఎక్కువ ప్రెజర్ తూటాకి మీ రైఫిల్ తట్టుకుంటుందా? బ్యారెల్, చాంబర్ సరిచూసుకోవడం ఎలా

తూటా చాంబర్‌లోకి (బ్యారెల్ వెనక తూటా కూర్చునే గది) దూరింది, బోల్ట్ (చాంబర్‌ని వెనకనుంచి మూసే గడియ) ఏ ఇబ్బందీ లేకుండా మూసుకుంది, ఇంక పేల్చేయొచ్చు అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. అది తప్పు. తూటా దూరడం వల్ల తెలిసేది దాని బయటి కొలత పట్టిందని మాత్రమే. పేలినప్పుడు పుట్టే ప్రెజర్‌ని ఆ రైఫిల్ మోయగలదా అన్నది పూర్తిగా వేరే ప్రశ్న. దానికి జవాబు బ్యారెల్ మీది ముద్రలో, చాంబర్ ముందున్న రెండు మూడు మిల్లీమీటర్ల ఉక్కులో, బోల్ట్ తలలో దొరుకుతుంది. వీటిని ఒక్కొక్కటిగా ఎలా చూడాలో చెప్తాను.

ఈ వ్యాసంలో తూటా అంటే కేస్ (లోహపు గొట్టం), ప్రైమర్ (పిన్ను తగిలితే నిప్పు రాజేసే చిన్న మూత), పౌడర్, బుల్లెట్ అన్నీ కలిసిన మొత్తం. బుల్లెట్ అంటే బయటికి ఎగిరిపోయే ముక్క ఒక్కటే. ఏ పరీక్ష మొదలుపెట్టినా ముందు మ్యాగజైన్ తీసేయండి, బోల్ట్ వెనక్కి లాగండి, చాంబర్ ఖాళీగా ఉందో లేదో కంటితో చూడండి, వేలితోనూ తడిమి చూడండి. అసలు తూటాలు ఆ బల్ల మీదే కాదు, ఆ గదిలోనే ఉండకూడదు.

ముందుగా బ్యారెల్ మీద ఏం రాసుందో చదవండి

తయారీదారు ఈ రైఫిల్‌ని ఏ తూటా కోసం చేశాడో బ్యారెల్ మీదే కొట్టి ఉంటుంది. కొన్నిటికి అది చాంబర్ దగ్గర ఉంటుంది, కొన్నిటికి రిసీవర్ (బ్యారెల్ బిగించే, బోల్ట్ కదిలే ఉక్కు భాగం) పక్కన, కొన్నిటికి హ్యాండ్‌గార్డ్ (బ్యారెల్ చుట్టూ చెయ్యి పట్టే తొడుగు) కింద దాగి ఉంటుంది. నూనె, మడ్డి తుడిచి, టార్చి ఏటవాలుగా వేసి చూడండి. ఒక్క అక్షరం కూడా వదలొద్దు. ".223 రెమ్" అని ఉంటే ఒక అర్థం, "5.56 నాటో" అని ఉంటే ఇంకో అర్థం, ".223 వైల్డ్" అని ఉంటే మరో అర్థం. చేతిలోకి తీసుకుంటే మొదటి రెండింటి తూటాలూ ఒకేలా కనిపిస్తాయి. మూడోది చాంబర్ పేరు మాత్రమే, ఆ పేరుతో వేరే తూటా లేదు.

ముద్ర కనిపించింది కదా అని అక్కడితో ఆగకండి. సెకండ్ హ్యాండ్ రైఫిల్ అయితే పాత బ్యారెల్ తీసి కొత్తది వేసి ఉండొచ్చు. బ్యారెల్ అదే ఉంచి చాంబర్‌ని పెద్ద తూటాకి తొలిచి ఉండొచ్చు, ముద్ర మాత్రం పాతదే మిగిలి ఉండొచ్చు. ముద్రకీ చేతిలో ఉన్న కాగితాలకీ పొంతన లేకపోయినా, ముద్ర మీద రుద్దినట్టు, కొట్టేసినట్టు కనిపించినా, చాంబర్ కొలిచేదాకా ఆ రైఫిల్‌తో ఏ తూటా పేల్చకండి.

ప్రూఫ్ ముద్రలు కూడా చూడండి. సీఐపీ అనే అంతర్జాతీయ సంస్థ నియమాలు పాటించే దేశాల్లో ప్రతి రైఫిల్‌నీ అమ్మకానికి ముందు ప్రభుత్వ గుర్తింపున్న ప్రూఫ్ హౌస్‌లో పరీక్షిస్తారు. ఆ తూటాకి అనుమతించిన గరిష్ఠ ప్రెజర్ కన్నా 25 శాతం ఎక్కువ ఉండే ప్రత్యేక తూటాలు పేల్చి, ఉక్కు చెక్కుచెదరలేదని తేలాకే ముద్ర వేస్తారు. ఆ ముద్ర ఆ ఒక్క తూటాకే వర్తిస్తుంది. తర్వాత బ్యారెల్ గానీ బోల్ట్ గానీ మార్చినా, చాంబర్ తొలిచినా పాత ముద్రకి విలువ లేదు. ఏఆర్-15 తరహా రైఫిళ్ల బ్యారెల్స్ మీద కనిపించే "ఎంపీ" అంటే అయస్కాంత పరీక్షతో పగుళ్లు వెతికారని అర్థం. పక్కన "హెచ్‌పీ" కూడా ఉంటే ఎక్కువ ప్రెజర్ తూటా పేల్చి చూశారని అర్థం. ఇవి మంచి గుర్తులే, కానీ తూటా పేరు చెప్పే ముద్రకి బదులు కావు.

అంకెలు పోల్చే ముందు అవి ఎవరి అంకెలో చూడండి

పొరపాటుకి ఎక్కువ ఆస్కారం ఉన్నది ఇక్కడే. తూటా ప్రెజర్‌కి ప్రపంచంలో ఒకే కొలత లేదు. అమెరికాలో సామీ అనే తయారీదారుల సంస్థ, ఐరోపాలో సీఐపీ, సైన్యాలకి నాటో పద్ధతి. ఒక్కొక్కరు కేస్ మీద ఒక్కో చోట సెన్సర్ పెట్టి కొలుస్తారు. అందుకే .223 రెమింగ్టన్‌కి సామీ గరిష్ఠం 55,000 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) అంటే, సీఐపీ 4,300 బార్ అంటుంది. అది సుమారు 62,000 పీఎస్‌ఐ. ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి ఐరోపా తూటా 13 శాతం ఘాటు అని తేల్చేస్తే లెక్క తప్పినట్టే. తేడాలో పెద్ద భాగం కొలిచే పద్ధతిది.

ఇంకా పాత చిక్కు ఒకటి ఉంది. సెన్సర్లు రాకముందు రాగి ముక్కని నలగ్గొట్టి, అది ఎంత నలిగిందో చూసి ప్రెజర్ చెప్పేవారు. దాన్ని సీయూపీ అంటారు. .308 విన్‌చెస్టర్‌కి పాత లెక్కలో గరిష్ఠం 52,000 సీయూపీ, ఇప్పటి సామీ లెక్కలో 62,000 పీఎస్‌ఐ. తూటా అదే, కొలబద్ద మారింది. 7.62 నాటో తూటాకి పాత సైనిక పుస్తకాల్లో 50,000 పీఎస్‌ఐ అని కనిపించేది నిజానికి రాగి ముక్కతో తీసిన అంకె. దాన్ని ఇప్పటి .308 అంకెతో పోల్చి, .308 తూటా 12,000 పీఎస్‌ఐ ఎక్కువని భయపడేవాళ్లు నేటికీ ఉన్నారు. ప్రెజర్‌లో ఆ రెండూ దగ్గరివే. వాటి అసలు తేడా హెడ్‌స్పేస్‌లో ఉంది, అక్కడికి వస్తాను.

దీనికి పూర్తిగా ఎదురుగా నిలిచేది 8×57 మౌజర్. దీనికి సామీ గరిష్ఠం 35,000 పీఎస్‌ఐ, సీఐపీ గరిష్ఠం 3,900 బార్, అంటే 56,000 పీఎస్‌ఐ పైమాటే. ఈ తేడా కొలబద్దది కాదు, నింపిన పౌడర్‌దే. కారణం చరిత్రలో ఉంది. 1888 నాటి జర్మన్ రైఫిళ్లకి .318 అంగుళాల బుల్లెట్ సరిపోయేది, ఆ తర్వాత వచ్చిన వాటికి .323 అంగుళాలది. పెద్ద బుల్లెట్ ఉన్న తూటాని పాత సన్న బ్యారెల్‌లో పేలిస్తే ప్రెజర్ ప్రమాదకరంగా పెరుగుతుంది. అందుకే అమెరికన్ కంపెనీలు ఈ తూటాని కావాలనే మెత్తగా నింపుతాయి. ఐరోపాలో పూర్తి బలంతో నింపి, పాతదాన్ని 8×57 ఐ అనీ, పెద్దదాన్ని 8×57 ఐఎస్ అనీ వేరుచేస్తారు. అమెరికన్ పెట్టె నుంచి ఐరోపా పెట్టెకి మారుతున్నారంటే మీరు నిజంగానే ఎక్కువ ప్రెజర్‌కి మారుతున్నారు. ముందు బ్యారెల్ లోపలి కొలత తీయించండి.

.45-70 కథా ఇలాంటిదే. 1873 నాటి స్ప్రింగ్‌ఫీల్డ్ రైఫిల్‌తో పుట్టిన తూటా కాబట్టి సామీ గరిష్ఠం 28,000 పీఎస్‌ఐ దగ్గరే ఉంచారు. ఆధునిక రైఫిళ్లకి మాత్రమే అని పెట్టె మీద రాసి అంతకన్నా చాలా ఘాటైన తూటాలూ అమ్ముతారు. ఆ వాక్యం ఉన్న పెట్టెని పాత రైఫిల్ ఉన్న అలమరలో అసలు పెట్టకండి.

అంకెలు పోల్చేటప్పుడు నేను పాటించమనేది ఇంతే: రెండు అంకెలూ ఒకే సంస్థవి అయితేనే పక్కపక్కన పెట్టండి. కాకపోతే అంకెలు వదిలేసి, పెట్టె మీది పేరూ బ్యారెల్ మీది పేరూ అక్షరం అక్షరం కలుస్తున్నాయో లేదో చూడండి.

త్రోట్: ప్రెజర్ తేడా పుట్టే చోటు

కేస్ మూతి దాటాక, బుల్లెట్ రైఫ్లింగ్ గాట్లని (బుల్లెట్‌ని తిప్పడానికి బ్యారెల్ లోపల మెలికలుగా ఉండేవి) అందుకునేలోపు, గాట్లు లేని కొంచెం ఖాళీ ఉంటుంది. దాన్నీ, ఆ తర్వాత గాట్లు వాలుగా మొదలయ్యే చోటునీ కలిపి త్రోట్ అంటారు. పౌడర్ అంటుకోగానే బుల్లెట్‌కి ఈ ఖాళీలో కాస్త పరుగు దొరుకుతుంది. బుల్లెట్ ముందుకి కదిలినకొద్దీ వెనక వాయువుకి చోటు పెరుగుతుంది, ప్రెజర్ నిదానంగా ఎక్కుతుంది. ఆ పరుగు లేకుండా బుల్లెట్ మొదటి క్షణమే గాట్లకి తగిలి ఆగితే, వాయువుకి చోటు లేక ప్రెజర్ ఒక్కసారిగా పైకి లేస్తుంది. ఇదంతా సెకనులో వెయ్యో వంతు కన్నా తక్కువ సమయంలో జరిగిపోతుంది.

.223 రెమింగ్టన్ చాంబర్‌లో ఈ ఖాళీ అంగుళంలో 25 వేల వంతులే. 5.56 నాటో చాంబర్‌లో అది దానికి రెట్టింపు, కొన్నిటిలో అంతకన్నా ఎక్కువ. వెడల్పు కూడా కాస్త ఎక్కువే. సైనిక తూటాలో బుల్లెట్ పొడవు, పౌడర్ మోతాదు ఆ పొడుగు త్రోట్‌ని దృష్టిలో పెట్టుకుని నిర్ణయించినవి. దాన్ని తీసుకెళ్లి .223 చాంబర్‌లో పెడితే పరుగు తగ్గిపోతుంది, ప్రెజర్ అనుకున్న హద్దు దాటుతుంది. ప్రతిసారీ రైఫిల్ పగలకపోవచ్చు. ప్రైమర్లు ఊడిపోవడం, కేస్ ఇరుక్కోవడం, బోల్ట్ చెవులు (మూసిన బోల్ట్‌ని కదలకుండా పట్టి ఉంచే పొడుచుకొచ్చిన ముక్కలు) మెల్లగా బీటలు వారడం మాత్రం మొదలవుతుంది. పది పేల్చినా ఏమీ కాలేదు అనే మాట ఇక్కడ చెల్లదు, ఎందుకంటే పగులు పెరుగుతున్నంతసేపూ బయటికి కనబడదు.

తిరగేసి .223 తూటాని 5.56 చాంబర్‌లో పేల్చడంలో ప్రమాదం లేదు. గురి కొంచెం చెదరొచ్చు, అంతే. రెండూ పేల్చాలనుకునేవారికి బిల్ వైల్డ్ రూపొందించిన .223 వైల్డ్ చాంబర్ ఉంది. పొడవు 5.56 పద్ధతిలో ఇచ్చి, వెడల్పు .223లా బిగువుగా ఉంచాడు. అందుకే అది రెండు తూటాల్నీ మోస్తుంది, గురీ నిలుస్తుంది. కొత్తగా బ్యారెల్ కొనేవారు ఒక్కటే ఎంచుకోవాలంటే నేను దీన్నే సూచిస్తాను.

ముద్ర నమ్మకంగా లేనప్పుడు త్రోట్‌ని ఎలా తెలుసుకోవాలి? ఒక దారి త్రోట్ గేజ్. ఇంకోటి చాంబర్ అచ్చు తీయడం, గన్‌స్మిత్‌లు (తుపాకులు బాగుచేసేవాళ్లు) ఎప్పటినుంచో చేస్తున్న పని. సెర్రోసేఫ్ అనే లోహం 70 నుంచి 88 డిగ్రీల సెల్సియస్ మధ్యే కరిగిపోతుంది. చాంబర్‌ని పూర్తిగా శుభ్రం చేసి, నూనె పొర చాలా పల్చగా రాసి, త్రోట్‌కి కొంచెం ముందు బ్యారెల్‌లో బిగువుగా గుడ్డ దోపుతారు. బ్యారెల్‌ని నిటారుగా నిలబెట్టి, కరిగిన లోహం చాంబర్ నిండా పోస్తారు. అది గట్టిపడుతూ మొదట కాస్త ముడుచుకుంటుంది. అప్పుడే మూతి వైపునుంచి రాడ్‌తో మెల్లగా తడితే బయటికి వచ్చేస్తుంది. చల్లారేకొద్దీ మళ్లీ వ్యాకోచించి, పోసిన సుమారు గంటకి చాంబర్ అసలు కొలతకి చేరుకుంటుంది. మైక్రోమీటర్ పట్టుకోవాల్సిన సమయం అదే. చేతిలో పెట్టుకుని చూస్తే కేస్ మెడ, ఆ తర్వాతి నునుపు భాగం, గాట్లు మొదలయ్యే వాలు అన్నీ లోహం మీద అచ్చు గుద్దినట్టు ఉంటాయి. అనుభవం లేకపోతే ఈ పని గన్‌స్మిత్‌కే వదిలేయండి, దగ్గరుండి చూడండి.

హెడ్‌స్పేస్

బోల్ట్ మూసినప్పుడు దాని ముఖానికీ, కేస్‌ని ముందుకు పోకుండా ఆపే భుజానికీ మధ్య ఉన్న దూరం ఇది. ఎక్కువైతే పేలినప్పుడు కేస్ వెనక్కి సాగి, అడుగుకి పైన తెగిపోతుంది. ప్రెజర్ పెరిగినకొద్దీ ఈ ముప్పూ పెరుగుతుంది.

దీన్ని గేజ్ అనే కొలత ఉక్కు దిమ్మలతో చూస్తారు. .308 విన్‌చెస్టర్‌కి "గో" గేజ్ 1.630 అంగుళాలు, "నో-గో" 1.634, "ఫీల్డ్" 1.638. 7.62 నాటో సైనిక చాంబర్లు దీనికన్నా పొడుగ్గా ఉంటాయి. సైనిక తూటా కేస్ మందంగా ఉండి ఆ ఖాళీని తట్టుకుంటుంది, మామూలు పల్చటి .308 కేస్ తట్టుకోకపోవచ్చు. ఆ మందం వల్లే ఇంకో విషయం గుర్తుపెట్టుకోవాలి: సైనిక కేస్‌లో లోపలి చోటు తక్కువ, సొంతంగా తూటాలు నింపుకునేవాళ్లు అదే పౌడర్ మోతాదు వేస్తే ప్రెజర్ ఎక్కువొస్తుంది.

గేజ్ పెట్టేముందు బోల్ట్ నుంచి ఎక్స్‌ట్రాక్టర్ (ఖాళీ కేస్‌ని లాగే కొక్కెం), ఎజెక్టర్ (దాన్ని బయటికి తోసే పిన్ను) తీసేయాలి. వాటి స్ప్రింగ్ ఒత్తిడి ఉంటే రీడింగ్ తప్పొస్తుంది. హ్యాండిల్‌ని రెండు వేళ్లతో మాత్రమే తిప్పండి. "గో" మీద బోల్ట్ మూసుకోవాలి, "నో-గో" మీద మూసుకోకూడదు. "ఫీల్డ్" మీద కూడా మూసుకుందంటే ఆ రైఫిల్‌ని పక్కన పెట్టేయాల్సిందే. బలం పెట్టి మూస్తే గేజ్ గీరుకుపోతుంది, మీకు దొరికే జవాబూ అబద్ధమే.

బ్యారెల్ మోసినా బోల్ట్ మోయాలి కదా

మందమైన బ్యారెల్ కొనేసి పని అయిపోయిందనుకోవడం చాలా మామూలు. నిజానికి చాలా రైఫిళ్లలో ముందు ఓడిపోయేది బోల్టే. తలుపు ఎంత దళసరిదైనా గడియ బలమే దాని బలం. ప్రెజర్ కేస్ అడుగు మీద పనిచేసి బోల్ట్‌ని వెనక్కి తోస్తుంది. ఆ తోపుని ఉజ్జాయింపుగా లెక్కించడానికి ప్రెజర్‌ని కేస్ అడుగు వైశాల్యంతో గుణించండి. .223 కేస్ అడుగు .378 అంగుళాలు, 55,000 పీఎస్‌ఐ దగ్గర తోపు సుమారు 2,800 కిలోలు. .308కి అడుగు .473 అంగుళాలు, 62,000 దగ్గర సుమారు 4,900 కిలోలు. కేస్ లోపలి వ్యాసం ఇంకా చిన్నది, గోడలు చాంబర్‌ని కరుచుకుని కొంత తోపుని మోస్తాయి కూడా. కాబట్టి అసలు అంకె దీనికన్నా తక్కువే. కానీ పోల్చుకోవడానికి ఇది చాలు.

6.5 గ్రెండెల్ తూటాని చూడండి. ఏఆర్-15లో పట్టేలా చేశారు, కేస్ అడుగు .44 అంగుళాలు. అంత వెడల్పు పట్టాలంటే బోల్ట్ తలని లోపల ఎక్కువ తొలవాలి, గోడ పల్చబడుతుంది. అందుకే సామీ దాని గరిష్ఠాన్ని 52,000 పీఎస్‌ఐ దగ్గర ఆపింది. బ్యారెల్ 62,000 మోస్తుంది కదా అని అంత ఘాటుగా నింపితే బోల్ట్ చెవులు తెగుతాయి.

చాంబర్ తడిగా ఉన్నా, నూనె రాసి ఉన్నా కేస్ గోడలకి పట్టు దొరకదు, తోపంతా బోల్ట్ మీదికే వస్తుంది. పేల్చేముందు చాంబర్‌ని పొడిగా తుడవడం అందుకే.

పాత సైనిక రైఫిల్ తీసుకుని కొత్త బ్యారెల్ వేయించాలనుకునేవారు సీరియల్ నంబర్ చూడకుండా ముందుకెళ్లొద్దు. స్ప్రింగ్‌ఫీల్డ్ ఆర్మరీ చేసిన 1903 మోడల్‌లో 800,000 లోపు నంబర్లు, రాక్ ఐలండ్ చేసినవాటిలో 285,507 లోపు నంబర్లు పెళుసుగా ఉండే ప్రమాదం ఉంది. ఆ రోజుల్లో ఉక్కు ఎంత వేడెక్కిందో కంటితో రంగు చూసి అంచనా వేసేవారు, కొన్ని రిసీవర్లు అతిగా కాలిపోయాయి. అలాంటి రిసీవర్‌కి ఎంత మంచి బ్యారెల్ తొడిగినా బలం రాదు.

80,000 పీఎస్‌ఐ తూటాలు

ఇత్తడి కేస్ వాడినంతకాలం మామూలు రైఫిల్ తూటాలకి 65,000 పీఎస్‌ఐ దరిదాపుల్లోనే హద్దు. .270 విన్‌చెస్టర్ గరిష్ఠం అదే. .277 సిగ్ ఫ్యూరీ ఆ గీత దాటి 80,000కి వెళ్లింది. కేస్ అడుగు స్టెయిన్‌లెస్ స్టీల్‌తో, పైభాగం ఇత్తడితో చేసి రెండింటినీ కలిపారు. 2025లో వచ్చిన 7 ఎంఎం బ్యాక్‌కంట్రీ మొత్తం స్టీల్ కేస్‌తో అదే 80,000 స్థాయిలో ఉంది.

.277 ఫ్యూరీ కేస్ అడుగు .308 అంతే. బోల్ట్ ముఖం సరిపోతుంది కాబట్టి నా .308 రైఫిల్‌కి ఆ బ్యారెల్ వేయించుకుంటాను అనే ఆలోచన అక్కడే పుడుతుంది. దయచేసి వద్దు. సీఐపీ లెక్కన .308 గరిష్ఠం 4,150 బార్, ప్రూఫ్ తూటా దానికి 25 శాతం ఎక్కువ, అంటే సుమారు 5,190 బార్. 80,000 పీఎస్‌ఐ అంటే 5,500 బార్ దాటింది. కొలిచే పద్ధతుల తేడాకి కొంత మినహాయించినా, ఒక్కసారి పరీక్ష కోసం పెట్టే బరువుని మీరు ప్రతి షాట్‌కీ పెడుతున్నట్టు లెక్క. ఈ తూటాలని వాటి పేరు కొట్టి ఉన్న, తయారీదారు ఆ ప్రెజర్‌కే డిజైన్ చేసిన రైఫిల్‌లో మాత్రమే వాడాలి.

బ్యారెల్ ఉక్కు సంగతి: 4140, 4150 క్రోమ్-మోలీ, 416ఆర్ స్టెయిన్‌లెస్, ఇవి సరిగ్గా వేడిచేసి చల్లార్చినవైతే మామూలు తూటాలకి అన్నీ సరిపోతాయి. చూడాల్సింది చాంబర్ చుట్టూ మిగిలిన గోడ మందం. సన్న తూటా బ్యారెల్‌ని లావు తూటాకి తొలిస్తే ప్రెజర్ అత్యధికంగా ఉండే చోటే గోడ పల్చబడుతుంది.

మొదటిసారి పేల్చేటప్పుడు

అన్నీ సరిపోయాక కూడా కొత్త తూటాతో మొదటి రోజు జాగ్రత్తగా ఉండండి. కళ్లద్దాలు, చెవి రక్షణ పెట్టుకోండి. బ్యారెల్‌లో గుడ్డముక్క గానీ నూనె గానీ మిగల్లేదని వెలుతురుకి పెట్టి చూడండి. పక్క రైఫిల్ తూటాలు బల్ల మీద కలవనివ్వద్దు. .300 బ్లాకౌట్ తూటా .223 మ్యాగజైన్‌లో చక్కగా ఇమిడిపోతుంది, .223 చాంబర్‌లో పేలితే రైఫిల్ ముక్కలవుతుంది.

ఒక్కో తూటానే పెట్టండి. పేల్చాక బోల్ట్ ఎలా లేచిందో చేతికి తెలుస్తుంది. రోజూ కన్నా బిగువుగా లేచిందంటే అదే మొదటి హెచ్చరిక. తర్వాత కేస్ చూడండి. అడుగున ఎజెక్టర్ రంధ్రం ఆకారంలో మెరిసే గుండ్రటి మచ్చ ఉందా? ప్రైమర్ అంచులు చదునుగా పరుచుకున్నాయా? పిన్ను తగిలిన చోట చుట్టూ గట్టు లేచిందా, చిల్లు పడిందా? ప్రైమర్ వదులైందా? అడుగుకి కాస్త పైన కేస్ చుట్టూ మెరిసే గీత ఉందా? ఆ గీత కేస్ తెగబోతోందని చెప్తుంది. ప్రైమర్ ఒక్కదాన్నే నమ్మకండి. మెత్తటి ప్రైమర్ తక్కువ ప్రెజర్‌కే చదునవుతుంది, గట్టిది హద్దు దాటినా మామూలుగానే కనిపిస్తుంది. బోల్ట్ బిగువు, ఎజెక్టర్ మచ్చ రెండూ కలిసి కనిపిస్తే ఇంక అనుమానమే లేదు.

ఎండ కూడా ప్రెజర్ పెంచుతుంది. పౌడర్ వేడెక్కితే వేగంగా కాలుతుంది. చల్లటి ఉదయం బాగా పేలిన తూటా, ఎండలో నిలిపిన కారులో గంటలు ఉన్నాకో, కాలిపోతున్న చాంబర్‌లో కాసేపు ఉన్నాకో హద్దు దాటొచ్చు. పెట్టెని నీడలో ఉంచండి, వేడి చాంబర్‌లో తూటా వదిలేయకండి.

పైన చెప్పిన గుర్తుల్లో ఒక్కటి కనిపించినా ఆ రోజుకి ఆపేయండి. ఇంకోటి పేల్చి చూద్దామనిపిస్తుంది, వద్దు. రైఫిల్ ఖాళీ చేసి, అనుమానం వచ్చిన కేస్‌నీ, దాని ముందు పేల్చిన కేస్‌లనీ వరుస చెడకుండా విడిగా కవర్లో వేయండి. తూటాల పెట్టె పారేయకండి, దాని మీది లాట్ నంబర్ (ఏ విడతలో తయారైందో చెప్పే నంబర్) కావాలి. కేస్‌లు, పెట్టె, రైఫిల్ మూడూ కలిపి గన్‌స్మిత్ ముందు పెట్టి, చాంబర్ కొలతలు, హెడ్‌స్పేస్, బోల్ట్ చెవుల పగుళ్లు చూడమనండి. తప్పు తూటాల్లోనే ఉందని తేలితే అదే లాట్ నంబర్‌తో తయారీ కంపెనీకి రాయండి, మిగిలిన పెట్టెల్ని ఎవరికీ ఇవ్వకండి.